రోడ్డు పైకొస్తోంది, ఇల్లు పల్లమవుతోంది

ప్రశ్న

తెనాలి దగ్గర్లోని ఒక పల్లె నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం.

ఇల్లు రోడ్డు మీదే. మామగారు 1994లో కట్టించిన శ్లాబు ఇల్లు. ముందు వరండా, ఆ ముందు 18 అడుగుల వాకిలి, ప్రహరీ, గేటు. మామగారు 2019లో వీలునామా రాయకుండానే పోయారు. ఇంటి పన్ను ఇంకా ఆయన పేరునే వస్తోంది. భర్త ఒడిశాలో ఉద్యోగం, నెలకోసారి వచ్చి వెళతారు. ఇంట్లో ఉండేది ఈవిడ, కర్ర పట్టుకుని నడిచే 76 ఏళ్ల అత్తగారు, ఇంటర్ చదివే కూతురు.

ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లు ఊరి రోడ్డును వెడల్పు చేసి మొత్తం కొత్తగా వేస్తున్నారు. ప్రహరీ లోపల నాలుగడుగుల దగ్గర ఎర్ర రంగుతో గుర్తు పెట్టి వెళ్లారు. నోటీసు మాత్రం ఏదీ రాలేదు. అది రోడ్డు మార్జినే, మీకేమీ రాదంటున్నారు సర్పంచి. కాంట్రాక్టరు మనిషి ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం తెచ్చి, సంతకం పెడితే గోడ మేమే కట్టిస్తామంటున్నాడు. పాత రోడ్డు కంటే ఇంటి గచ్చు రెండడుగులు పైన ఉండేది. కొత్త రోడ్డు రెండున్నర అడుగులు లేస్తుందని సైటు ఇంజినీరు చెప్పాడు. వైబ్రేటరు రోలరు తిరిగిన రోజు వరండా గోడలో పగులు కనిపించింది. దుమ్ముకు అత్తగారికి ఆయాసం వస్తోంది. కోర్టుకు వెళదామంటాడు మరిది. అమ్మేసి గుంటూరు వెళ్లిపోదామంటారు భర్త. ఈ ఇంట్లోంచే తనను మోసుకెళ్లాలంటారు అత్తగారు. చివర ఇంకో మాట కూడా అడిగారు: తవ్విన నల్లమట్టిని ఉచితంగా వాకిట్లో పోస్తామంటున్నారు, పోయించుకోవచ్చా?

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో స్థలం గొడవ ఉంది, డబ్బు లెక్క ఉంది, ఇంట్లో తలో మాట ఉంది. వీటన్నిటికంటే ముందు తేలాల్సినవి రెండు అంకెలు. మీ గేటు ఎదురుగా పూర్తయిన రోడ్డు ఎంత ఎత్తున ఉంటుంది, దాని పక్కన కట్టే మురుగు కాలువ అడుగు ఎంత లోతున ఉంటుంది? ఆ ఇంట్లో ఉండొచ్చా, గచ్చు లేపాలా, అమ్ముకోవాలా అన్న ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంది. మీ ఇంట్లో ముగ్గురూ ఆ అంకెలు చేతిలో లేకుండానే వాదించుకుంటున్నారు.

సైటు ఇంజినీరు నోటితో చెప్పిన రెండున్నర అడుగులతో పని జరగదు. ప్రతి రోడ్డుకీ డ్రాయింగులుంటాయి. ప్రతి ఇరవై, ముప్పై మీటర్లకూ ఒక అడ్డుకోత బొమ్మ గీస్తారు. అందులో ఇప్పటి నేల మట్టం, పూర్తయిన రోడ్డు మట్టం పక్కపక్కనే రాసి ఉంటాయి. రెండోదాన్ని ఎఫ్‌ఆర్‌ఎల్ అంటారు. మీ ఇల్లు ఏ కిలోమీటరు దగ్గర ఉందో, అంటే ఛైనేజీ, ముందు కనుక్కోండి. దగ్గర్లోని కరెంటు స్తంభం మీదో రాయి మీదో రంగుతో రాసే ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని ఆర్ అండ్ బీ సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని కలిసి, ఆ ఛైనేజీ దగ్గరి బొమ్మ చూపించమని అడగండి. చాలామంది చూపిస్తారు. చూపించకపోతే సమాచార హక్కు కింద డివిజన్ ఆఫీసుకు 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అన్ని రోజులు ఆగే వీలు మీకు లేదు కాబట్టి ‘రికార్డు తనిఖీకి అవకాశం ఇవ్వండి’ అన్న వాక్యం కూడా చేర్చండి. మొదటి గంట తనిఖీకి రుసుము ఉండదు.

ఇక మీ గచ్చు ఆ మట్టానికి ఎంత పైన ఉందో, ఎంత కింద ఉందో కొలవాలి. మేస్త్రీల దగ్గర ఉండే లెవెల్ ట్యూబు చాలు. దగ్గర్లోని కల్వర్టు పిట్టగోడ మీద ఎర్ర రంగుతో అడ్డగీత, పక్కన 8.450 లాంటి అంకె, అంటే మీటర్లలో ఎత్తు, కనిపిస్తుంది. అదే వాళ్ల బెంచ్‌మార్కు, మిగతా మట్టాలన్నీ దాన్నుంచే కొలుస్తారు. ట్యూబులో బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొస ఆ గీత దగ్గర, రెండో కొస మీ వైపు పట్టుకుని దశలవారీగా ఇంటిదాకా రండి. వచ్చిన దారినే మళ్లీ కొలుచుకుంటూ వెనక్కి వెళ్లి సరిచూసుకోవాలి. సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మొదటి నుంచి కొలవాలి. గ్రామ సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటు ఆటో లెవెల్ (మట్టం కొలిచే పరికరం) తో చేసిపెడితే ఇంకా మంచిది.

మీరు రాసిన వివరాలతో ఒక ఉదాహరణ చూద్దాం. మీ గచ్చు మట్టం 8.750, వాకిలి 8.150 అనుకుందాం. బొమ్మలో రోడ్డు మట్టం 9.020 అని ఉంది. ఒక అడుగు పల్లమైపోయామని కంగారు పడతారు. కానీ బొమ్మలో ఉండే అంకె రోడ్డు మధ్య గీతది. తారు రోడ్డు మధ్య నుంచి అంచుకు నూటికి 2.5 వంతున వాలుతుంది. భుజాలతో, అంటే ఇరుపక్కల అంచు పట్టీలతో కలిపి 10 మీటర్ల తారు అయితే సగం 5 మీటర్లు, వాలు పన్నెండున్నర సెంటీమీటర్లు. అంచు మట్టం 8.895 వస్తుంది. అంటే మీ గచ్చు కంటే రోడ్డు అంచు ఆరంగుళాలే ఎత్తు. వాకిలి కంటే మాత్రం రెండున్నర అడుగులు ఎత్తు. గచ్చుకూ వాకిలికీ మధ్య ఈ తేడాను పట్టుకుంటే మీ సమస్య సగం విడిపోతుంది. వానొస్తే ముందు బావయ్యేది వాకిలి. ఇంట్లోకి నీళ్లు రావడమన్నది ఆ తర్వాతి సంగతి.

కాలువ లెక్క ఇంకా ముఖ్యం, జనం పట్టించుకోనిదీ అదే. కాలువ పైఅంచు సుమారు రోడ్డు అంచు ఎత్తునే ఉండి, లోపల లోతు 90 సెంటీమీటర్లయితే దాని అడుగు 8.000 దగ్గరుంటుంది. మీ స్నానాల గది గొట్టం వాకిలి కంటే అడుగు లోతున, అంటే 7.850 దగ్గర బయటికొస్తోందనుకోండి. కాలువ అడుగు కంటే మీ గొట్టం ఆరంగుళాలు కింద. మీ నీళ్లు కాలువలోకి పోవు సరికదా, కాలువ నిండిన రోజు ఊరి మురుగు మీ గొట్టంలోంచి ఇంట్లోకి ఎదురొస్తుంది. సెప్టిక్ ట్యాంకు పొర్లు గొట్టం కూడా ఆ వైపే ఉంటే మరుగుదొడ్డి నిండి కూర్చుంటుంది. ఈ కొలత కాలువకు కాంక్రీటు పడకముందే తెలియాలి. పడ్డాక చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఎత్తు తగ్గించమని అడగొచ్చా? అడగొచ్చు, పద్ధతిగా అడగాలి. డెల్టా నేలలో రోడ్డు అడుగు పొరకు నిలవ నీరు తగిలితే పైన ఎంత తారు పోసినా నిలవదు. అందుకే లేపుతారు, ఊరి మీద కోపంతో కాదు. ఆపైన జీఎస్‌బీ (అడుగున పరిచే గ్రావెల్, కంకర పొర) 200 మిల్లీమీటర్లు, తడి మెటలు (నీళ్లు కలిపి పరిచే కంకర) 250, తారు పొరలు మరో 100, ఇలా అర మీటరు దాటిపోతుంది. కానీ ఇళ్లున్న నిడివిలో రెండు మార్గాలుంటాయి. పాత రోడ్డు మందాన్ని తవ్వి తీసేసి ఆ గుంటలోనే కొత్త పొరలు వేయడం ఒకటి. తారుకు బదులు సిమెంటు రోడ్డు వేసి, ఇరువైపులా కాలువలు కట్టడం రెండోది. ఊళ్ల మధ్య సిమెంటు రోడ్డు కొత్తేమీ కాదు, నీళ్లు నిలిచేచోట తారు ఆగదని ఇంజినీర్లకూ తెలుసు. మీరొక్కరే వెళితే వినరు. రోడ్డు వెంట ఇళ్లవాళ్లంతా, ఒక్కో ఇంటి గచ్చు మట్టం పట్టికగా రాసి, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక ప్రతి ఇవ్వండి. జీఎస్‌బీ పరవకముందే ఇది జరగాలి. ఒకసారి పరిచి రోలరు తిప్పాక మట్టం మార్చడమంటే డిజైను మార్పు, అదనపు ఖర్చు, పైఅధికారి మంజూరు. ఎవరూ తల పెట్టరు.

ఇక ఆ ఎర్ర గీత. అలా రంగుతో గీసిన గీతకు చట్టంలో విలువ లేదు. ఆ నాలుగడుగులు ఎవరివన్నది సర్పంచిగారి మాటతోనో మీ మరిది మాటతోనో తేలదు, రికార్డుతో తేలుతుంది. మీది సర్వే నంబరున్న పట్టా స్థలమైతే ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు తీసుకుని, మీసేవలో ఎఫ్-లైన్ (హద్దుల) సర్వేకు దరఖాస్తు చేయండి. సర్వేయరు రోడ్డు హద్దు కొలిచి చూపిస్తాడు. గ్రామ కంఠమైతే, అంటే ఊరి నివాస స్థలమైతే, విడి పట్టా ఉండకపోవచ్చు. అప్పుడు మామగారి దస్తావేజు, పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, స్వామిత్వ పథకం కింద ఆస్తి కార్డు వచ్చి ఉంటే అదీ పనికొస్తాయి. ఆర్ అండ్ బీ దగ్గర ఎల్‌పీ షెడ్యూలు అనే పట్టిక ఉంటుంది. సేకరించే ప్రతి ముక్కా ఏ సర్వే నంబర్లో ఎంతో అందులో రాస్తారు. మీ ముక్క అందులో ఉంటే అది మీదని వాళ్లే ఒప్పుకున్నట్టు. లేకపోతే వాళ్లు దాన్ని రోడ్డు స్థలంగానే లెక్కేసుకున్నారు.

మీదేనని తేలితే 2013 భూసేకరణ చట్టం మీకు అండ. 11వ సెక్షన్ ప్రకటన వస్తే 60 రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వొచ్చు. పల్లె స్థలమైతే మార్కెట్ విలువను నిర్ణీత గుణకంతో పెంచి, గోడ, గేటు, బోరు, చెట్ల విలువ కలిపి, ఆ మొత్తానికి సమానంగా నూటికి నూరు సొలేషియం (ఊరట సొమ్ము) ఇవ్వాలి. అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు) దాకా భూమి విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. డబ్బు పూర్తిగా చెల్లించాకే స్వాధీనం చేసుకోవాలి. ఈ చట్టం కింది అవార్డు మీద ఆదాయపు పన్ను లేదు. కొలతలకు వచ్చినప్పుడు మీరు అక్కడే ఉండి గోడ పొడవు, ఎత్తు, మందం, పునాది లోతు రాయించండి. పునాది లోతు వదిలేస్తుంటారు. కొబ్బరి చెట్లుంటే కాపు మీదున్నాయని రాయించడం మరవొద్దు. ఆ కొలతల కాగితం ప్రతి అడిగి తీసుకోండి.

రోడ్డు మార్జినే అని తేలితే స్థలానికి పరిహారం రాదు. అయినా ఖాళీ చేయించాలంటే 1905 నాటి భూ ఆక్రమణ చట్టం 7వ సెక్షన్ కింద ముందు నోటీసు ఇవ్వాలి. తెల్లారేసరికి ప్రొక్లెయిన్ తెచ్చి గోడ కూల్చడం కుదరదు. పని ప్రపంచ బ్యాంకు, ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) అప్పుతో సాగుతుంటే పట్టా లేని కట్టడానికి కూడా విలువ కట్టే నియమం ఉంటుంది. నిధులు ఎక్కడివో సైటులోని బోర్డు మీద రాసి ఉంటుంది, చూడండి.

కాంట్రాక్టరు కాగితం సంగతి. స్థలం తీసుకునే అధికారం కాంట్రాక్టరుకు లేదు, గోడ కట్టిస్తానన్న అతని మాట శాఖను కట్టిపడేయదు. రేపు అతని బిల్లు పాసై యంత్రాలు లారీ ఎక్కాక మీరెవర్ని అడుగుతారు? చదవకుండా సంతకం పెడితే అది ఉచితంగా స్థలం ఇచ్చినట్టు అంగీకారమూ కావచ్చు. ఇందులో మీకు మూడు దారులున్నాయి. సంతకం నిరాకరించి సేకరణ ప్రకటన కోసం ఆగడం మొదటిది. డబ్బు ఎక్కువ రావచ్చు, నెలలు పడుతుంది, ఈలోగా మీ ఇంటి ముందు నిడివిని వదిలేసి అటూ ఇటూ రోడ్డు వేసుకుపోతారు. మీ గేటు ముందు గుంట మిగులుతుంది. రెండోది, బేరమాడి ఒప్పందం మీద ఇవ్వడం. డబ్బు తొందరగా వస్తుంది, కానీ ఒప్పంద అవార్డు మీద తర్వాత ఎక్కువ అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. మూడోది, పల్లెల్లో ఎక్కువగా జరిగేది: నాలుగడుగులు వదులుకుని, బదులుగా పనులు చేయించుకోవడం. ముక్క చిన్నది, మీకు డబ్బు కంటే ర్యాంపు, కాలువ కలుపు, గోడ ముఖ్యం అనుకుంటే ఇదీ తప్పేమీ కాదు. కాకపోతే శాఖ లెటర్‌హెడ్ మీద, డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) సంతకంతో, తెలుగులో, కొలతలతో రాయించుకోండి: 9 అంగుళాల ఇటుక గోడ ఇన్ని మీటర్లు, ఇంత ఎత్తు, పునాది ఇంత లోతు, గేటు ముందు శ్లాబు ఇంత మందం, పనంతా ఫలానా తేదీలోగా. ‘గోడ కట్టించబడును’ అన్న ఒక్క వాక్యానికి విలువ లేదు.

మీ మరిదిగారు చెప్పిన కోర్టు మార్గం కూడా ఉన్నదే. నోటీసు, సేకరణ ఏదీ లేకుండా గోడ పడగొట్టబోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు. చట్ట ప్రకారం నడుచుకోండన్న ఆదేశం సాధారణంగా వస్తుంది. అంతకుమించి రోడ్డు ఆగుతుందనీ, ఎత్తు తగ్గుతుందనీ ఆశించొద్దు. ప్రొక్లెయిన్ గోడ దగ్గరికొచ్చిన రోజుకు అది సరైన ఆయుధం. ఈలోగా ఉత్తరాలు, రసీదులు పోగేసుకుంటే ఆ రోజున వకీలు పని సులువవుతుంది.

ఏ దారిలో డబ్బు రావాలన్నా ఒక అడ్డుంది, అది మీ ఇంట్లోనే ఉంది. ఇల్లు ఇంకా మామగారి పేరున ఉంది. అది ఆయన స్వార్జితమైతే అత్తగారు, మీ భర్త, మరిది, ఆడపడుచు ఉంటే ఆవిడ, అందరికీ సమాన వాటాలు. మీరొక్కరు సంతకం పెట్టినా చెల్లదు. వాటాల మీద తగువుందని ఎవరు కాగితం పెట్టినా డబ్బు ఎవరి చేతికీ రాకుండా డిపాజిట్ అవుతుంది. మామగారి మరణ ధ్రువపత్రంతో తహసీల్దారు దగ్గర కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు చేయండి. కోర్టు అనే మాటకు ముందు మరిదిగారికి ఈ పని అప్పజెప్పండి. వాటాలో ఆయన సంతకం ఎలాగూ కావాలి, బయట నిలబడి సలహా చెప్పేకంటే లోపలికొచ్చి తిరగడం మంచిది.

పగులు విషయంలో తొందరపడి కాంట్రాక్టరు మీదికి వెళ్లకండి. మీది నల్లరేగడి. వేసవిలో నేల ఎండి కుంచించుకుపోతే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు రావడం, వానలకు మళ్లీ మూసుకుపోవడం అక్కడ మామూలు. ‘ఇది పాతదే’ అనడమే కాంట్రాక్టరు మొదటి మాట. అందుకని సాక్ష్యం ముందు. ప్రతి గదిలో, ప్రతి గోడకు తేదీ పడేలా ఫొటోలు తీయండి. పగులు పక్కన స్కేలు పెట్టి తీయండి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. పగులు దాటి రెండు వైపులా అంటుకునేలా ఒక సన్నటి గాజు పలకను అరల్డైట్‌తో అతికించండి. రోలరు తిరిగాక గాజు చిట్లితే గోడ కదిలినట్టు. ఈ ఫొటోలను రోలరు మళ్లీ రాకముందే ఏఈ గారికి పంపి, ఇళ్ల ముందు వైబ్రేషన్ ఆపి రోలరు నడపమని అడగండి. వైబ్రేషన్ లేకుండా కూడా గట్టిపడుతుంది, పొరలు పలచగా వేసి ఎక్కువసార్లు తిప్పాలి. కాంట్రాక్టరుకు డీజిలు ఖర్చు, అందుకే చెప్పకపోతే చేయరు.

రోలరు కంటే నాకు ఎక్కువ భయమనిపించేది కాలువ తవ్వకం. ప్రహరీ పునాది అడుగున్నర లోతు ఉంటుంది, కాలువకు మీటరుకు పైగా తవ్వుతారు. వంద మీటర్లు ఒకేసారి తవ్వి, కాంక్రీటు మిల్లరు రాలేదని రెండు వారాలు వదిలేస్తే, మధ్యలో ఒక్క పెద్ద వాన చాలు, గోడ గుంటలోకి ఒరుగుతుంది. మీ ముందు నిడివిని నాలుగైదు మీటర్ల ముక్కలుగా తవ్వి, ఒక ముక్క కాంక్రీటు వేశాకే రెండోది తవ్వమని రాసివ్వండి. షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) బిగించిన రోజు మాత్రం మీరు తప్పక అక్కడుండాలి. మీ ఇంటి నీళ్ల గొట్టం వచ్చేచోట 4 అంగుళాల పీవీసీ ముక్క కాలువ గోడలో పెట్టించండి, కాలువ అడుగుకు కనీసం ఆరంగుళాలు పైన. ఇది ఉలితో తర్వాత కొట్టించుకుంటే గోడ చుట్టూ చిట్లి ఎప్పటికీ కారుతుంది. గొట్టం కొసకు ఫ్లాపు వాల్వు (బయటికి మాత్రమే తెరుచుకునే మూత) బిగిస్తే కాలువ నీళ్లు ఎదురు రావు. ఏడాదికి రెండుసార్లు దాన్ని తీసి శుభ్రం చేయకపోతే చెత్త ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోతుంది.

ఇప్పుడు గేటు. నాలుగడుగులు పోతే వాకిలి 14 అడుగులు మిగులుతుంది. రోడ్డు అంచు నుంచి వాకిలికి 75 సెంటీమీటర్ల దిగుడు. స్కూటరుకు ఎనిమిదింట ఒకటి వాలు కావాలంటే 20 అడుగుల ర్యాంపు పట్టాలి. మీకు అంత చోటు లేదు. నేరుగా దించితే ఆరింట ఒకటి కంటే నిటారు, వానలో జారుతుంది, కర్ర పట్టుకున్న అత్తగారు అటువైపే రాలేరు. ప్రహరీ వెంట పక్కకు తిప్పి వంకర ర్యాంపు కట్టొచ్చు, వాకిలి సగం దానికే పోతుంది. ఇంకో ఉపాయం, రోడ్డు అంచు నుంచి నేరుగా వరండా గచ్చుకే ఒక శ్లాబు దారి. తేడా ఆరంగుళాలే కదా, 14 అడుగుల్లో నడక హాయిగా ఉంటుంది, అత్తగారికి మెట్టే ఉండదు. కానీ ఆ వాలు ఇంటివైపు ఉంటుంది. రోడ్డు మీద పడ్డ వాన వరండాలోకే దారి తీస్తుంది. కాబట్టి వరండాకు రెండడుగుల ముందు దారికి అడ్డంగా ఆరంగుళాల వెడల్పు కాలువ తీసి, ఇనుప జాలీ వేసి, ఆ నీళ్లను పక్కకు తప్పించాలి. మీ ఇంటికి నేనైతే ఈ రెండోదానివైపే మొగ్గుతాను. గేటు ముందు కాలువ మీద శ్లాబు 6 అంగుళాల మందం వేయించండి. మిగతా చోట్ల వేసే మూడు నాలుగంగుళాల పలకలు ధాన్యం ట్రాక్టరు ఒక్కసారి తిరిగితే విరుగుతాయి.

పల్లమైన వాకిట్లో పడే నీళ్లు ముందుకు ఎక్కవు, వెనక్కి పంపాలి. దొడ్డి వెనక మురుగు కోడు ఉంటే 6 అంగుళాల గొట్టం, నూరింట ఒకటి వాలు చాలు. 20 మీటర్లకు 20 సెంటీమీటర్ల దిగుడు. గొట్టం పక్కవాళ్ల స్థలంలోంచి పోవాలంటే స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకోండి, ఇవాళ్టి స్నేహం మీద ఆధారపడొద్దు. కోడు లేకపోతే వాకిలి మూల మీటరు చదరం, నాలుగడుగుల లోతు సంపు కట్టి, అర హెచ్‌పీ పంపుతో కాలువలోకి ఎత్తిపోయాలి. తుపాను రోజున కరెంటు పోతుంది, పంపు కూడా అప్పుడే కావాలి. ఇన్వర్టరు లేకుండా ఈ పద్ధతికి దిగొద్దు.

ఇల్లే లేపాలా? ఆరంగుళాల తేడాకు అక్కర్లేదు. గుమ్మాల దగ్గర తొమ్మిదంగుళాల కట్ట, జాలీ కాలువ సరిపోతాయి. కొలిచాక తేడా రెండడుగులని తేలితే మాట వేరు. లోపల గచ్చు లేపితే పదడుగుల గది ఎనిమిదడుగులవుతుంది, గుమ్మాలూ కిటికీలూ అన్నీ మార్చాలి. జాకీలతో ఇల్లు ఎత్తే పనివాళ్లు విజయవాడ, గుంటూరుల్లో దొరుకుతారు. సిమెంటు కట్టుబడి, చుట్టూ బెల్టు బీము (గోడలను కట్టిపట్టే కాంక్రీటు పట్టీ) ఉంటేనే దానికి దిగండి. బెల్టు లేని పాత గోడలు ఎత్తేటప్పుడు మూలల్లో చీలుతాయి.

మీ భర్త చెప్పిన అమ్మకం గురించి. గుంటలు, దుమ్ము ఉండగా అమ్మితే కొనేవాడు ఆ దుమ్ము చూపించే ధర తగ్గిస్తాడు. రోడ్డు పూర్తయ్యాక అదే ముఖద్వారానికి దుకాణాలవాళ్లు వస్తారు. అమ్మడం తప్పనిసరే అయినా, వారసత్వం కాగితాలు సరిచేసుకుని పని ముగిశాక అమ్మడం లాభం. ఈలోగా అత్తగారి ఆయాసం ఆగదు కాబట్టి, మెటలు పరిచి తారు పడేదాకా ఉండే దుమ్ము రోజులకు తెనాలిలో అద్దె ఇల్లో, ఆడపడుచు ఇల్లో చూడండి. ‘ఇల్లు వదిలి పోదాం’ అంటే ఆవిడ రారు. ‘రోడ్డు పని అయ్యేదాకా డాక్టరు వెళ్లమన్నారు, తాళం నీ కొంగునే ఉంటుంది’ అంటే రావచ్చు. రానంటే ముందువైపు పదడుగుల ఎత్తున ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టి, ఆవిడ మంచం వెనక గదిలోకి మార్చండి. రోజుకు మూడుసార్లు ట్యాంకరుతో నీళ్లు చల్లడం కాంట్రాక్టరు బాధ్యత. చల్లని రోజుల తేదీలు కాలెండరు మీద రాసి ఏఈ గారికి వాట్సాప్ చేయండి.

చివరగా నల్లమట్టి. ఉచితమని పోయించుకోకండి. రేగడి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే చీలుతుంది. ప్రహరీని బయటికి తోస్తుంది, మీరు వేసుకునే ర్యాంపును పగలగొడుతుంది. వాకిలి లేపాలనుకుంటే గ్రావెల్ తోలించండి. ఎనిమిదంగుళాల చొప్పున పరిచి, తడిపి, దిమ్మిస కొట్టించాక పై పొర వేయాలి. వరండా గచ్చుకు కనీసం తొమ్మిదంగుళాలు కిందే ఆపండి, లేకపోతే గోడ చెమ్మ పట్టి అడుగున సున్నం రాలుతుంది. మట్టి ఎక్కడైనా పోసుకోవాలని వాళ్లు మరీ బతిమాలితే దొడ్డి వెనక కొబ్బరి పాదుల్లో పోయమనండి, అక్కడ అది బంగారం.